కొవ్వు మంచిదా, చెడ్డదా

మద్దిలేటి ప్రేమతో పెట్టిన తిండే బూచికి ప్రాణం మీదికి తెచ్చింది.

బూచి ఈరమ్మ తల్లి ఆశ్రమంలోని ముసలికుక్క. చూరు నీడ వదిలి కదిలేది కాదు. రెండో కుక్క చుక్కి వయసులో ఉన్నది. పొద్దున్నే గొర్రెల మందతో కొండెక్కి మాపటికి దిగేది. రెంటికీ పచ్చిమాంసమే తిండి. ఊళ్ళోని కొట్టు నుంచి తెచ్చి, కోసి పెట్టడం శిష్యుడు మద్దిలేటి పని. ఇష్టంగా తింటాయని కొవ్వు ముక్కలే ఏరి మరీ తెచ్చేవాడు.

ఒకనాడు బూచి తిన్నదంతా కక్కింది. ముందుకాళ్ళు చాచి, నడుము పైకెత్తి, కడుపునొప్పితో వణికిపోయింది. పశువుల డాక్టరు వచ్చి సూదులు వేశాడు.

"దీనికి కొవ్వు పడలేదు. ఇక పెట్టొద్దు," అన్నాడు.

మూడు రోజులకు గానీ అది లేచి తిరగలేదు.

మద్దిలేటి హడలిపోయాడు. ఆనాటి నుంచి రెండు కుక్కలకూ పిసరంత కొవ్వు కూడా లేకుండా గీసి, ఎర్రటి కండే పెట్టాడు.

బూచి కోలుకుంది. కానీ నెల తిరిగేసరికి చుక్కి బొచ్చు కళ తప్పింది. ఒక మధ్యాహ్నం మంద మీద తోడేలు పడితే, సగం దూరం తరిమి కూలబడింది. తోడేలు గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది.

మద్దిలేటి వెళ్ళి గురువు ముందు కూర్చున్నాడు. ఆమె చేటలో కొర్రలు చెరుగుతోంది.

"అమ్మా, పెడితే ఒకటి చావబోయింది. మానితే ఇంకొకటి చిక్కిపోయింది. ఇంతకీ కొవ్వు మంచిదా, చెడ్డదా?"

ఈరమ్మ తల్లి చేట పక్కన పెట్టింది.

"చెయ్యి ఇటు తే."

ఎడమచేతి పిడికిలి బిగించమంది. కుడిచేతి వేళ్ళతో దాని కణుపుల మీద తడమమంది. ఎముకలు గట్టిగా తగిలాయి. పిడికిలి విప్పించి, బొటనవేలి కింది కండ మీద తడమమంది. ఎముక జాడే తెలియలేదు. చివరికి చెయ్యి బోర్లించి చాపమంది. వెనకవైపు తడిమితే పలచటి చర్మం కింద ఎముకలు ఒక్కొక్కటే తెలిశాయి. గుచ్చుకోలేదు.

"ఇలా ఉంటే బాగున్నట్టు. ఇక పోయి వాటినడుగు," అంది.

మద్దిలేటి చుక్కి డొక్క తడిమాడు. బిగించిన పిడికిలిలా ఎముకలే తగిలాయి. బూచి డొక్క తడిమాడు. వేళ్ళు మెత్తగా దిగాయి, పక్కటెముక దొరకలేదు. ఇన్నాళ్ళూ రెంటికీ తనే పెడుతున్నాడు, ఒక్కసారీ ఇలా చెయ్యి వేసి చూడలేదు.

చుక్కికి కండతో పాటు రోజుకు కాస్త చొప్పున కొవ్వు కలుపుతూ వచ్చాడు. బూచికి కండ మాత్రమే, అదీ మునుపటికన్నా తక్కువ. రెండు నెలలకు చుక్కి బొచ్చు నిగనిగలాడింది. తోడేలు మళ్ళీ వస్తే గుట్ట అవతలి దాకా తరిమి వచ్చింది. బూచి చూరు దాటి వాకిట్లో తిరగసాగింది.

మద్దిలేటి సంబరపడ్డాడు. తన తర్వాత వచ్చేవాళ్ళకు పనికొస్తుందని బొగ్గు తీసుకుని వంటింటి గోడ మీద రాశాడు: చుక్కికి ఇంత కొవ్వు, ఇంత కండ, బూచికి ఇంత.

మర్నాడు పొద్దున చూస్తే గోడకు తడి సున్నం.

"అమ్మా, నా కొలతలు?"

"అవి నిన్నటి కుక్కలవి నాయనా," అంది ఈరమ్మ తల్లి.

మద్దిలేటి మాంసం కత్తి పక్కన పెట్టి, వాకిట్లోకి వెళ్ళి చుక్కిని పిలిచి, దాని డొక్క మీద చెయ్యి వేశాడు.