చప్పుడు చేయని బండి

కొత్త బండి తాళం తనకే ఇస్తారని దస్తగిరి ఎంత నమ్మకం పెట్టుకున్నాడంటే, ఆ రోజు తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు. దర్గా గురువు ఖాదర్ స్వామి ఆ తాళాన్ని కుళ్ళాయప్పకిచ్చాడు.

దర్గా కొండ మీదుంది. కింద వండిన అన్నం, తాగే నీళ్ళు పైకి చేరవేసే పని ఇన్నేళ్ళూ దస్తగిరిదే. ఇప్పుడు మూలపడ్డ పాత బండి డీజిల్ పొగ మింగీ మింగీ దగ్గు కూడా తెచ్చుకున్నాడు. కుళ్ళాయప్ప నిన్న గాక మొన్న శిష్యుడైనవాడు.

ఇక ఆ బండి వైభోగం వినలేక చచ్చేవాడు దస్తగిరి. ఎవరో భక్తుడిచ్చిన కరెంటు బండి అది. చప్పుడుండదు, పొగ ఉండదు. నిండా బరువుతో ఏటవాలులో ఆగినా వెనక్కి జారదు. వెనక తొట్టిలో ప్లగ్గు పెట్టే చోటు కూడా ఉంది. దానికి గ్రైండరు తగిలించి కుళ్ళాయప్ప కొండ మీదే మసాలా రుబ్బించాడు. ఆడవాళ్ళంతా "మా కుళ్ళాయప్ప బంగారం" అంటుంటే దస్తగిరికి కడుపు రగిలిపోయింది.

"వానికి బండి మీద ధ్యాస లేదు సామీ. ఎప్పుడో ఒకనాడు చార్జింగు పెట్టడం మరిచిపోతాడు, చూడండి" అని గురువు చెవిన వేశాడు.

ఇంతలో దర్గా దగ్గర భక్తులందరికీ పెట్టే కందూరి విందు వచ్చింది. దాని ముందురోజు సాయంత్రం కుళ్ళాయప్ప చార్జింగు పెట్టి ఇంటికెళ్ళగానే దస్తగిరి వచ్చి వైరు పీకేశాడు.

తెల్లవారి అన్నం డేగిశాలు ఎక్కించాక చూస్తే బండి తెర మీద ఆరు శాతం చార్జింగే ఉంది. కుళ్ళాయప్ప ముఖం పాలిపోయింది.

"తప్పు నాదే సామీ. వైరు సరిగ్గా గుచ్చలేదేమో."

"నేను ముందే చెప్పలేదా సామీ!" అన్నాడు దస్తగిరి.

స్వామి తాళం తీసుకుని దస్తగిరి చేతిలో పెట్టాడు. "నువ్వు తోలు" అని పక్క సీట్లో కూర్చున్నాడు.

కోరుకున్నది చేతికొచ్చింది. మెత్తటి సీటు, వేలితో తిప్పితే తిరిగే స్టీరింగు. కానీ ఎక్కేకొద్దీ తెర మీద అంకె తగ్గిపోతోంది. పాత బండైతే ఇంజను రొదలో ఎలాగో తలదాచుకునేవాడు. ఇందులో గురువు ఊపిరి కూడా వినపడుతోంది. ఆ నిశ్శబ్దం భరించలేక, "కుళ్ళాయప్ప చిన్నోడు సామీ, బాధ్యత తెలీదు" అన్నాడు.

సగం కొండ ఎక్కాక బండి ఆగిపోయింది.

పైనుంచి చూసిన జనం గబగబా దిగి వచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా డేగిశాలు ఎత్తుకున్నారు. వెనకే నడిచొచ్చిన కుళ్ళాయప్ప అన్నిటికంటే పెద్దదానికి భుజం పట్టాడు. దస్తగిరి దిగబోతే ఆపాడు. "నీకు దగ్గు కదన్నా, నువ్వు కూర్చో. మేం మోస్తాం లే."

బండిలో ఇద్దరే మిగిలారు. దస్తగిరి సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"సామీ, ఆ వైరు..."

"పీకుతుంటే చూశాను" అన్నాడు స్వామి మెల్లగా. "మళ్ళీ వచ్చి పెడతావని తెల్లవార్లూ అరుగు మీదే కూర్చున్నా నాయనా."