పక్కకు జరిగిన బెల్టు

నల్లమెట్ట అడివి అంచున మనుషులు నడిపి వదిలేసి పోయిన పిండిమిల్లు ఒకటి ఉండేది. కరెంటు తీగలు ఎప్పుడో తెగిపోయాయి. అయినా మిల్లు మూతపడలేదు, జంతువులు దాన్ని చేతిలోకి తీసుకున్నాయి. తొట్టిలో మొక్కజొన్న గింజలు పోస్తే అవి పొడవాటి నల్లటి రబ్బరు బెల్టు మీద పడేవి. బెల్టు వాటిని మెల్లగా మోసుకుపోయి అవతలి కొసన జల్లెడలో పోసేది. అక్కణ్ణించి తిరగలిలోకి, తిరగలి నించి పిండిగా బయటికి. బెల్టు కింద వరసగా రోలర్లు. వాటిని తిప్పే పెద్ద చక్రానికి కాడి కట్టుకుని గుండ్రంగా నడిచేవాడు మైలన్న అనే ముసలి ఎద్దు.

మైలన్నకి ఆ మిల్లంటే ప్రాణం. కాలు కుంటుపడిందని యజమాని సంతకి తోలుకుపోతుంటే, దారిలో పలుపు తెంపుకుని అడివిలోకొచ్చి పడ్డాడు. మేతకి తిరగలేక ఒక మద్దిచెట్టు కింద కూలబడి ఉంటే, మిల్లు పెద్ద అయిన ఎలుగుబంటి ఎలుగయ్య వచ్చి చూశాడు.

"పరిగెత్తలేవు సరే, నెమ్మదిగా నడవగలవా?"

"నడుస్తానయ్యా."

"అయితే లే. మాకు నెమ్మదిగా నడిచేవాడే కావాలి."

ఆ పూట నించి మైలన్నకి వేళకింత మేత, పడుకోను చూరు, పలకరించను నలుగురు. రోజూ కాడి కింద మెడ పెట్టేముందు కళ్లు మూసుకుని ఆ ఎలుగయ్యని ఒకసారి తలుచుకునేవాడు.

గింజల్లో రాళ్లూ పుల్లలూ ఏరే పని ఇద్దరిది. బెల్టుకి ఎడమ పక్క చిట్టెయ్య నక్క, కుడి పక్క పోలమ్మ అనే అడివిపంది. ఏ పక్క గింజ జారి కింద పడితే ఆ పక్క కూర్చున్నవాళ్లు తీసుకోవచ్చు. అది మిల్లు పద్ధతి. రాలేది గుప్పెడే, దాని గురించి ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

ఆ ఏడు వానలు దగ్గరపడుతున్నాయి. వాగు పొంగిందంటే మెట్ట మీదికి దారి ఉండదు. పళ్లూడిన ముసలి కొండముచ్చులకీ, పాలిచ్చే తల్లులకీ, పాలు మానిన పిల్లలకీ ఆ మిల్లు పిండితో కాచే జావే దిక్కు. అందుకని మిల్లు పొద్దస్తమానం తిరుగుతోంది.

అలాంటి రోజుల్లో మైలన్న మెడకి కాడి బరువెక్కింది.

"చిట్టెయ్యా, బెల్టు ఎక్కడో పట్టేస్తున్నట్టుంది, కాస్త చూడవూ?" అని అడిగాడు.

"బెల్టుకేం మామా, సుబ్బరంగా ఉంది. నీకే వయసు మీద పడింది," అన్నాడు చిట్టెయ్య మూతి తుడుచుకుంటూ. "ఈ మాట పెద్దయ్య చెవిన పడిందనుకో, మైలన్న ఇక పనికిరాడని ఇంకో ఎద్దుని వెతుక్కుంటాడు. నీ మంచి కోరి చెబుతున్నా."

మైలన్న గుండె జారిపోయింది. నోరు మూసుకుని, రొప్పుతూ నడిచాడు. మర్నాడూ అంతే. కాడి ఇంకా బరువు, మెడ మీద పుండు పడింది. అయినా ఎవరికీ చెప్పలేదు.

మూడోనాడు కుందేలమ్మ పిల్లని చంకనేసుకుని పరుగున వచ్చింది. పిల్ల ఒకటే దగ్గు, కళ్లు తేలేస్తోంది. ఎలుగయ్య దాని వీపు మీద చరిచి, నోట్లో గోరు పెట్టి లాగాడు. వేలెడంత నల్లటి పోగు బయటికొచ్చింది.

"జావలో వచ్చింది పెద్దయ్యా," కుందేలమ్మ పిల్లని గుండెకి హత్తుకుంది. "ఇంకొంచెం ఉంటే నా బిడ్డ నాకు దక్కేది కాదు."

చూరులో గూడు అల్లుకుంటున్న గిజిగాడు కిందికి వాలాడు. పోగుని ముక్కుతో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎగిరిపోయి బెల్టు పొడవునా ఒక చుట్టు తిరిగొచ్చాడు.

"ఇది మన బెల్టుదే. బెల్టు ఎడమకి జరిగిపోయింది. ఆ అంచు ఇనప చట్రానికి రాసుకుని పోగులు పోగులుగా విడిపోతోంది. అవే గింజల్లో కలుస్తున్నాయి. ఇలాగే తిప్పితే వానలు మొదలయ్యే లోపే నిలువునా చీలిపోతుంది."

అందరూ బెల్టు వైపు చూశారు. ఇంకో బెల్టు ఎక్కణ్ణించి తెస్తారు?

మైలన్న ముందుకొచ్చాడు. "నాకు బరువు తెలిసింది పెద్దయ్యా. నన్ను తీసేస్తారేమోనని చెప్పలేదు. ఆ బిడ్డకేమైనా అయ్యుంటే నా పాపమే అది."

"పాపాల సంగతి తరవాత," అన్నాడు ఎలుగయ్య. "ముందు బెల్టు ఎందుకు జరిగిందో చూడండి."

ఏదో ఒక రోలరు వంకర తిరిగుంటేనే బెల్టు అలా పక్కకి పోతుంది. కానీ ఏ రోలరు? అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, పిండి దుమ్ము గడ్డకట్టి వాటిని బిగించిన చీలలు కూడా కనబడట్లేదు. ఎలుగయ్య అనుమానం కొద్దీ ఒకదాన్ని కదిపాడు. చక్రం తిప్పి చూస్తే బెల్టు ఇంకా పక్కకి పోయింది. గబగబా మళ్లీ ఎప్పటిలా పెట్టేశాడు.

"నేల కుంగింది పెద్దయ్యా," అన్నాడు చిట్టెయ్య తల పంకిస్తూ. "తొట్టి కింద తవ్వి చూడాలి."

అందరూ తవ్వడానికి పోయారు. మైలన్నా గిజిగాడూ మాత్రం కదల్లేదు. మైలన్నకి చిట్టెయ్య కూర్చునే చోటు వెనక టేకాకులు కుప్పగా కనిపించాయి. కాలితో తప్పిస్తే కింద మొక్కజొన్న గింజలు, ఒక గంపెడు! పోలమ్మ వైపు చూస్తే ఒక్క గింజ లేదు. మైలన్నకి సంగతి అర్థమైంది. కానీ గిజిగాడితో మెల్లగా అన్నాడు:

"ఇప్పుడు వాణ్ణి నిలదీస్తే, రాలిన గింజ నాదేగా అంటాడు. ఏ రోలరు కదిపాడో మాత్రం చచ్చినా చెప్పడు. మనకి కావలసింది ఆ రోలరు."

"మరేం చేద్దాం మామా?"

"వాడి నోటితో చెప్పించలేం. వాడి కాళ్లతోనే చూపించుకుందాం."

ఇద్దరూ పోయి ఎలుగయ్య చెవిలో ఊదారు. ఎలుగయ్య తల గోక్కుని, నవ్వాపుకుని, అందరినీ పిలిచాడు.

"ఒక మాట. ఎడమ పక్క గింజ బాగా రాలుతోంది కదా. పోలమ్మ చంటిపిల్లల తల్లి, ఆ గింజ ఆవిడకి పోనీ. ఇవాళ్టి నించి పోలమ్మ ఎడమ పక్క, చిట్టెయ్య కుడి పక్క. మధ్యాహ్నం కునుకు తీశాక అలా కూర్చుందురుగాని."

చిట్టెయ్య మొహం ఒక్క క్షణం వాడిపోయింది. అంతలోనే పళ్లికిలించాడు. "ఆహా, ధర్మంగా ఉంది పెద్దయ్యా! పోలమ్మక్క పిల్లలు నా పిల్లలు కారూ?"

ఎండ నడినెత్తికొచ్చింది. చక్రం ఆగే ఉంది. ఎలుగయ్య గోడకి జారగిలబడి గురక మొదలెట్టాడు. పోలమ్మ పిల్లల్ని పొట్టకి కరుచుకుని కళ్లు మూసుకుంది. మైలన్న పడుకుని నెమరేస్తూ, ఒక కన్ను సగం తెరిచే ఉంచాడు.

చిట్టెయ్య లేచాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. పిల్లిలా అడుగులేసి జల్లెడ పక్కనున్న రోలరు దగ్గరికి పోయాడు. తడుముకోలేదు, వెతుక్కోలేదు. ఎడమ కొస దగ్గర పిండి గడ్డని గోకి, పళ్లతో పట్టుకుని గట్టిగా లాగాడు. చిన్న చెక్కముక్క ఊడొచ్చింది. రోలరు టక్కుమని తన చోట్లోకి వచ్చి కూర్చుంది. చిట్టెయ్య ఆ ముక్క నోట కరుచుకుని, కుడి కొసన దోపుదామని బెల్టు కింద నించి దూరాడు.

"చాలు చిట్టెయ్యా," అన్నాడు మైలన్న. "అక్కడితో ఆగు. ఇప్పుడు సరిగ్గా ఉంది."

చిట్టెయ్య నోట్లో ముక్క కింద పడింది. వెనక్కి దూకబోతే తోక కదల్లేదు. పోలమ్మ దాని మీద హాయిగా కూర్చునుంది.

"ఎక్కడికి తమ్ముడూ? నా పిల్లలు నీ పిల్లలే కదా, కాసేపు ఆడించిపో."

మైలన్న లేచి కాడి కింద మెడ పెట్టి రెండడుగులు వేశాడు. చక్రం తేలిగ్గా తిరిగింది. బెల్టు మెల్లమెల్లగా నడిమికి వచ్చి నిలబడింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

గురక ఆపి లేచొచ్చిన ఎలుగయ్య ముందు చిట్టెయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. "బెల్టు చీలుతుందని నాకు తెలీదు పెద్దయ్యా! నాలుగు గింజలు ఎక్కువ రాలతాయనే..."

"ఆ నాలుగు గింజల కోసం ఒక బిడ్డ ఊపిరి ఆగబోయింది," అన్నాడు ఎలుగయ్య. "నీ గంప మళ్లీ తొట్టిలో పొయ్యి. గిజిగాడు అంచు కుట్టినన్నాళ్లూ బెల్టు పట్టుకుని నువ్వే నిలబడు. ఇకమీదట రాలిన గింజ ఏ పక్కదైనా అందరి జావలోకే. రోజూ గింజ పొయ్యకముందు బెల్టుని ఒట్టిగా తిప్పి రెండంచులూ చూద్దాం, రోలర్ల మీద పిండి గోకేద్దాం." తరవాత మైలన్న వైపు తిరిగి, మెడ మీది పుండుకి పసరు రాస్తూ అన్నాడు: "నువ్వు మాత్రం బరువు తెలిసిన పూటే కేకెయ్యి. మిల్లు ఆపినందుకు నిన్నెవరూ పొమ్మనరు. నువ్వు మావాడివి."

గిజిగాడు తాటినార తెచ్చి, గూడు అల్లే ఒడుపుతో అంచంతా కుట్టాడు. బెల్టు నిలిచింది.

వాన కుండపోతగా వచ్చింది, వాగు దారులన్నీ మింగేసింది. మెట్ట మీద మాత్రం ప్రతి పొయ్యి మీదా జావ ఉడికింది. కుందేలమ్మ మొదటి ముంత తీసుకొచ్చి మైలన్న ముందు ఉంచి దండం పెట్టింది. "నీ తెలివి వల్లే, అన్నా, మా ఇంట్లో ఇవాళ పిల్ల నవ్వు వినబడుతోంది."

"అంచు కుట్టింది గిజిగాడు, నన్ను నమ్మింది పెద్దయ్య," అన్నాడు మైలన్న సిగ్గుపడుతూ. "ఆ దండాలు వాళ్లకి పెట్టమ్మా. నేనూ వాళ్లకే పెట్టుకుంటున్నాను."

చిట్టెయ్యకీ ఒక ముంత వచ్చింది, అందరితో సమానంగా. ఒక్క గింజ ఎక్కువ లేదు. మూతి ముడుచుకుని తాగాడు.

అందరి కడుపూ నింపేదాన్ని తన వైపుకి వంచుకోవాలని చూసినవాడు, చివరికి దాన్ని తన చేత్తోనే సరిచెయ్యాల్సి వస్తుంది.