వానపాము ఒంట్లో గోడలు

విను మనవడా, ఒకప్పుడు వానపాము ఒంటిమీద ఒక్క గీత కూడా ఉండేది కాదు. గొట్టంలా నున్నగా ఉండేది. లోపల గోడల్లేవు, గదుల్లేవు. ఉన్న ఒక్క గుండె పళ్లెంలో గోలీలా అటూ ఇటూ దొర్లుతుండేది.

ఆ రోజుల్లో ఎర్రమ్మ అనే వానపాము ఉండేది. ఆమెకు బెంగ ఎక్కువ. కూతురు నూలి మెత్తటి మట్టి కోసం వెదురు పొద అవతలి అరటి పాదులోకి మకాం మార్చింది. అప్పటినుంచి ఎర్రమ్మ మట్టికి తల ఆనించి పిలుస్తూనే ఉండేది.

"తిన్నావా?"

"మట్టిలోనే ఉన్నానమ్మా. తినక ఏం చేస్తాను?"

"ఒళ్లు తడిగా ఉందా?"

"ఇందాకే అడిగావు."

"అది ఇందాక. ఇప్పుడో?"

ఒకరోజు అరటి పాదులోకి కోడి వచ్చి కాళ్లతో కెలకసాగింది.

"అమ్మా, పైన మట్టి పోతోంది. లోతుకు దారెటు?" అని నూలి పిలిచింది.

దారి ఎర్రమ్మకు తెలుసు. కానీ ఆ మాట వినగానే ఆమె గుండె జర్రున తోకలోకి జారిపోయింది. తల చల్లబడింది. తెగిన తాడులా పడిపోయింది.

పక్క కాలువలోంచి చెల్లెలు జలగ తొంగిచూసింది. "మన వంశానికి కాళ్లు లేవు, ఎముకలు లేవు. భయం మాత్రం నిండుగా ఇచ్చాడు దేవుడు" అంటూ ఎర్రమ్మ తోకను నోటితో గట్టిగా పట్టుకుని పైకెత్తింది. గుండె దొర్లుకుంటూ తల దగ్గరికి వచ్చింది.

"మళ్లీ జారిపోతుందే," అంది ఎర్రమ్మ.

ఇదంతా వింటున్న వెదురు వేరు కదిలింది. "గాలొస్తే నేనూ వణుకుతాను. కణుపు కణుపుకూ గోడ ఉంది కాబట్టి నిలబడ్డాను. నువ్వూ కట్టుకో. నాలుగు చాలు."

ఎర్రమ్మ ఒళ్లు బిగపట్టి నాలుగు గోడలు కట్టింది. జాగ్రత్తకు ఇంకొకటి. ఆ జాగ్రత్తకు తోడుగా మరొకటి. మనం ఉంటున్న ఈ మంచు దేశంలో నీకు ఒక స్వెటర్ చాలన్నా మూడు తొడిగే మీ నాన్నకు ఆ పద్ధతి బాగా తెలుసు. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని ఆమె గుండెను కూడా పంచి ముందు గదుల్లో సర్దింది.

"అక్కా, నువ్వు కట్టడం ముగించేలోగా ఆ కోడి గుడ్లు పెట్టి పొదిగేస్తుంది," అంది జలగ. అంటూనే తనూ లోపల గోడలు మొదలుపెట్టింది.

ఎర్రమ్మ కదిలింది. భయం పోలేదు. తోకలో ఒక గది గడగడ వణికింది. ముందు గదులు మాత్రం ఆగలేదు. ఒకటి చాచుకుంటే ఒకటి ముడుచుకుంటూ అరటి పాదు చేరాయి.

"ఇటు రా," అని తన పాత బొరియ చూపించింది. నూలి అందులోకి దూరింది. కోడి ముక్కుకు మట్టే దొరికింది.

లోతులో నూలి తల్లిని తడిమి చూసింది. "ఒళ్లంతా ఏంటమ్మా ఈ గీతలు?"

"నీ బెంగే. నీకూ కట్టనా?"

"సరే. నాలుగే."

"నాలుగే," అంటూ ఎర్రమ్మ తల దగ్గర మొదలుపెట్టింది. తోక వచ్చాకగానీ ఆపలేదు.

అప్పటినుంచే వానపాముకు ఒంటినిండా ఉంగరాలు, ఒకటికి పది గుండెలు. ఈ రోజుకీ ఒక గది భయంతో ముడుచుకుంటుంటే, పక్క గది చాచుకుని ముందుకు నడుస్తూనే ఉంటుంది.