ఏటి రేవు మూయించిన అడవిపంది

తునికిమెట్ట అడవిలో ఎలుగులు, కుందేళ్లు, ముళ్లపందులు, అడవిపందులు ఉండేవి. ఏరు దాటితే తామరలంక. అక్కడ నీటికుక్కలు, కొంగలు, తాబేళ్లు ఉండేవి. మెట్ట జంతువులు తేనె, దుంపలు లంకకు ఇచ్చి, చేపలు, తామరగింజలు తెచ్చుకునేవి. ఏ ఇంటా తిండికి కరువు లేదు.

అడవికి పెద్ద దుబ్బయ్య అనే అడవిపంది. ఒకరోజు అతను రేవు దగ్గర ముళ్లకంప అడ్డం వేయించాడు. పరాయి సరుకు తినడం నామోషీ అనీ, ఇకపై అన్నీ మనమే సంపాదించుకోవాలనీ చాటింపు వేయించాడు.

ముళ్లపంది సూరమ్మకు ఒళ్లు మండింది. ఎలుగులు చేపలకు పోతే తేనె ఎవరు తీస్తారని అడిగింది. దుబ్బయ్య వినలేదు. మర్నాడూ వెళ్లి చెప్పింది. అప్పుడూ వినలేదు. చెప్పీ చెప్పీ ఆమెకు విసుగొచ్చింది.

ఎలుగు మంగన్న పొద్దస్తమానం ఏట్లో నిలబడి ఒక చిన్న పరిగె చేపను పట్టాడు. ఈలోగా అతని తేనెపట్టు చీమల పాలైంది. కుందేళ్లు మెట్టమీద గుంటలు తవ్వి తామర నాటాయి. నీళ్లు ఇంకిపోయి తీగలు ఎండిపోసాగాయి. ముళ్లపందులు ఆ గుంటలకు నీళ్లు మోస్తూ దుంపలు తవ్వడం మానేశాయి. చివరికి చేదుదుంప తప్ప తినడానికి ఏమీ మిగల్లేదు. పిల్లలు దాన్ని ఉమ్మేసి ఏడ్చేవారు.

"ఓపిక పట్టండి. నేర్చుకుంటే అదే వస్తుంది," అన్నాడు దుబ్బయ్య.

"ఎన్నేళ్లు నేర్చుకుంటే ఎలుగు నీటికుక్క అవుతుందయ్యా?" అంది సూరమ్మ.

ఆ మాట దుబ్బయ్యకు గుచ్చుకుంది. చేపలు పట్టడం ఎంత తేలికో చూపిస్తానంటూ ఏట్లోకి దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో, మెడదాకా బురదలో కూరుకుపోయాడు. అటునుంచి నీటికుక్కలు ఈదుకొచ్చి, కిందామీదా పడి అతన్ని ఒడ్డుకు లాగాయి.

ఊపిరి అందగానే దుబ్బయ్య అడిగిన మొదటి మాట, "మిమ్మల్ని మా ఏట్లోకి ఎవరు రానిచ్చారు?"

సూరమ్మ నేరుగా వెళ్లి ముళ్లకంప లాగడం మొదలుపెట్టింది. మంగన్న వచ్చి చెయ్యి వేశాడు. తర్వాత అందరూ వచ్చారు. సాయంత్రానికి రేవు తెరుచుకుంది.

ఎలుగులు తేనెపట్లకు, ముళ్లపందులు దుంపలకు తిరిగి వెళ్లాయి. లంక నుంచి చేపలు, తామరగింజలు వచ్చాయి. అందరూ కలిసి సూరమ్మను పెద్దగా ఎన్నుకున్నారు. దుబ్బయ్య మాత్రం పరాయి సరుకు ముట్టనని పంతం పట్టి, ఒక్కడే కూర్చుని చేదుదుంప నమిలాడు.

నీతి: అన్నీ మనమే చేసుకోవాలని పంతం పడితే చేతనైన పని కూడా చెడుతుంది, ఎవరికి వచ్చిన పని వారు చేసి ఇచ్చిపుచ్చుకుంటే అందరికీ అన్నీ అందుతాయి.