నూనె తాగే పనస గిన్నె

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి పేరు నాకు గుర్తు లేదు గానీ పెరటికో పనస చెట్టుండేదట, ఆ ఊళ్ళో లింగాచారి అని ఒక వడ్రంగి ఉండేవాడు. ఆయనకి వరహాలు అని ఒక్కగానొక్క కూతురు. నీ అంతే ఉంటుంది, నీలాగే మొండిఘటం. ఊఁ కొట్టు మరి, కొట్టకపోతే కథ ఆపేస్తా.

వరహాలు అన్నప్రాశనకి వాళ్ళ నాన్న పనస కర్ర తొలిచి ఒక గిన్నె చేశాడు. పచ్చగా, నున్నగా, చంటిదాని రెండు చేతుల్లో పట్టేంత గిన్నె. వాళ్ళమ్మ రోజూ అందులోనే పెరుగన్నం కలిపి పెట్టేది. ఆ తర్వాత, ఏం చెప్పమంటావు తల్లీ, ఆ అమ్మకి జ్వరం వచ్చింది. తగ్గలేదు. దేవుడి దగ్గరికి వెళ్ళిపోయింది. పిల్లకి గిన్నె మిగిలింది.

ఏడాది తిరిగాక లింగాచారి నూకరత్నాన్ని పెళ్ళి చేసుకున్నాడు. నూకరత్నం పుట్టింటివాళ్ళు కంచరివాళ్ళు, అంటే ఇత్తడి బిందెలూ చెంబులూ చేసేవాళ్ళు. మనసు వెన్న. కానీ వరహాలు దగ్గరికి వస్తే కదా! తల దువ్వుతానంటే పారిపోయేది. పక్కలో పడుకోబెట్టుకుంటే గోడవైపు తిరిగిపోయేది. ఆ గిన్నెలో అన్నం పెడితే మాత్రం తినేది, అదీ మూతి ముడుచుకుని.

ఈ పిల్ల ఎప్పటికైనా నాకు దగ్గరవుతుందా అని నూకరత్నానికి ఒకటే బెంగ. ఒకరోజు గిన్నెని చూస్తే అది వెలవెలబోయి కనిపించింది. దీన్ని తళతళలాడించి ఇస్తే పిల్ల ఒక్కసారైనా నవ్వుతుంది కదా అనుకుంది.

అప్పుడేం చేసిందో తెలుసా? ఇత్తడి తోమిన చెయ్యి కదా, చింతపండూ బూడిదా పెట్టి బరబరా తోమేసింది. మెరవలేదు. ఆ తర్వాత నీళ్ళ తొట్టిలో పడేసి నానబెట్టింది. మెరవలేదు సరికదా, ఉబ్బింది. అప్పుడు తీసుకెళ్ళి మిట్టమధ్యాహ్నం ఎండలో బోర్లించింది. టప్పుమంది! అంచు నుంచి అడుగుదాకా పగులు.

వరహాలు ఆడుకుని వచ్చి చూసింది. "మా అమ్మ గిన్నె!" అని గుండెలు పగిలేలా ఏడ్చింది. అన్నం ముట్టలేదు. "తెలీక చేశానమ్మా, బంగారం కదూ" అని నూకరత్నం ఎంత బతిమాలినా వినలేదు. పిల్ల తినందే నాకు మాత్రం ముద్ద ఎలా దిగుతుందని ఆవిడా పస్తే.

సాయంత్రం లింగాచారి వచ్చాడు. కేకలెయ్యలేదు. గిన్నెని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఇత్తడి కాదే రత్నం, కర్ర. నానబెడితే ఉబ్బిపోద్ది, ఎండలో పెడితే పగిలిపోద్ది. తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టాలంతే. అయినా తప్పంతా నీది కాదులే. నూనె మొహం చూసి ఎన్నాళ్ళయ్యిందో, ముందే ఎండిపోయుంది."

"నూనా? ఇదివరకు దీనికి ఎవరు రాసేవారు?" అని అడిగింది నూకరత్నం.

అప్పుడు వరహాలు వెక్కుతూ వెక్కుతూ చెప్పింది. "మా అమ్మ నా తలకి నూనె పెట్టి, చేతులకి మిగిలింది దానికి పులిమేసేది."

నూకరత్నం పిల్ల తలకేసి చూసింది. కొబ్బరిపీచులా ఎండిపోయి ఉంది. అమ్మ పోయినప్పటి నుంచీ ఆ తలని ఎవరినీ ముట్టుకోనివ్వలేదుగా మరి! తలకీ నూనె లేదు, గిన్నెకీ లేదు.

లింగాచారి లక్క కరిగించి, పనస కర్ర రంపంపొట్టు కలిపి పగులు పూడ్చాడు. "రోజూ కాస్త నూనె పట్టించు, తాగినంత తాగనీ" అన్నాడు. వరహాలు ఏడ్చి ఏడ్చి అలిసిపోయి, నాన్న చేత్తో నాలుగు ముద్దలు తింది.

ఆ తర్వాత నూకరత్నం కొబ్బరినూనె గోరువెచ్చగా చేసుకుని, నీడపట్టున అరుగు మీద కూర్చుని గిన్నెకి రాసింది. మొదటి రోజు వరహాలు గుమ్మంలోంచి తొంగి చూసింది. రెండో రోజు స్తంభం దాకా వచ్చింది. మూడో రోజు ఎదురుగా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని పెద్ద ఆరిందాలా నిలబడింది.

"అలా కాదు పిన్నీ" అంది. ఆ పిల్ల నోట పిన్నీ అన్న మాట అదే మొదటిసారి.

"మరెలాగమ్మా?"

"ముందు గిన్నెకి రాయకూడదు. ముందు నాకు రాయాలి. మిగిలిందే దానికి."

అని జుట్టు ముడి విప్పేసుకుని వచ్చి ఆవిడ మోకాళ్ళ మధ్య కూర్చుంది. నూకరత్నానికి కళ్ళు నిండిపోయాయి. తుడుచుకుందామంటే చేతుల నిండా నూనె! అలాగే ఏడుస్తూ, అలాగే నవ్వుతూ, మాడు మీద నూనె పెట్టి మెల్లమెల్లగా మర్దనా చేసింది. పిల్ల అక్కడే ఆవిడ ఒళ్ళో వాలి నిద్రపోయింది.

ఆ పూట గిన్నెకి ఏమీ మిగల్లేదమ్మా. నూనంతా పిల్ల తలే తాగేసింది.

గిన్నె గూటికి,
పిల్ల ఒడికి,
కథ కంచికి,
మా చిట్టితల్లి నిద్దరింటికి!