సముద్రయానానికి ఒక సొరబుర్ర

అనగనగా ఒక కొండ అడవి. పుష్యమాసం వచ్చిందంటే అక్కడ రాళ్ళు కూడా వణికేవి. ఆ అడవిలో చెంగి అనే కుందేలు ఉండేది. ఒళ్ళంతా బొచ్చున్నా దానికి చలంటే మహా హడలు.

చెంగికి ఇద్దరు స్నేహితులు. ఒకడు కంబళన్న అనే ఎలుగుబంటి. పుట్టడమే కంబళి కప్పుకుని పుట్టాడు కదా, అందుకని ఆ పేరు. రెండోవాడు గంతులయ్య అనే కోతి. వాడికా పేరెందుకొచ్చిందో నేను చెప్పక్కర్లేదు.

ఒకనాడు ఒక గూడబాతు ఎగురుతూ వచ్చి వాళ్ళ ముందు వాలింది.

"ఎందుకర్రా ఈ చలిలో ముడుచుకుని కూర్చుంటారు? సముద్రం మధ్యలో వెచ్చటి దీవులున్నాయి. అక్కడ చలన్న మాటే లేదు. మా తిమింగలం మామ ఏటా ఈ రోజుల్లో అటే వెళ్తాడు. ఒంటరి ప్రయాణం విసుగంటున్నాడు. దారి పొడవునా కబుర్లు చెప్తే వీపు మీద ఎక్కించుకుంటాడు" అంది.

ముగ్గురూ ఎగిరి గంతేశారు. ఏర్పాట్లన్నీ చెంగి నెత్తిన వేసుకుంది. తొందరపడితే పని చెడుతుందని, గూడబాతు చేత ముందుగా మూడు ప్రశ్నలు పంపింది.

"మధ్యలో మునగవు కదా?"

"మునగను. పైపైనే ఈదుతాను" అని తిమింగలం జవాబు పంపాడు.

"తిండి సంగతి?"

"ఎవరి తిండి వాళ్ళదే."

"మరి నీళ్ళు?"

తిమింగలం పొట్ట పట్టుకుని నవ్వాడట. "నీళ్ళేమిటే పిచ్చిపిల్లా! చుట్టూ నీళ్ళే కదా!"

నిజమే కదా అనుకుంది చెంగి. కంబళన్న తేనెపట్టు కట్టుకున్నాడు. గంతులయ్య వేయించిన పనసగింజలు మూటగట్టాడు. చెంగి ఎండు దుంపలు సర్దింది. ఇంకొక్క గడ్డిపోచ కూడా ఎక్కువ మొయ్యకూడదని గట్టిగా చెప్పింది.

అయితే ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ప్రయాణమై వెళ్ళేవాళ్ళను ఇరుగుపొరుగు వట్టి చేతులతో పంపరు. ఇచ్చింది కాదనకూడదు. బయల్దేరే వేళకు పక్క పొదలో ఉండే ఏదుపంది అవ్వ వచ్చింది. పాపం, అవ్వకు మోకాళ్ళ నొప్పులు. ఊటగుంట దగ్గర నుంచి ఒక సొరబుర్రను ముక్కుతో దొర్లించుకుంటూ, ఆగి ఆగి వచ్చింది. బుర్ర నిండా ఊటనీళ్ళు.

"దారిలో దప్పికేస్తే తాగండమ్మా" అంది.

గంతులయ్య కిసుక్కున నవ్వాడు. "సముద్రానికి నీళ్ళు మోసుకెళ్ళమంటావా అవ్వా!"

చెంగికీ నవ్వొచ్చింది. ఆచారం కాబట్టి బుర్ర వీపున కట్టుకుంది. అడవి దాటగానే పారబోద్దామని మనసులో అనుకుంది.

అడవి దాటింది. మూత తీయబోయి వెనక్కి చూసింది. అవ్వ ఇంకా వాళ్ళను సాగనంపిన గుట్ట మీదే నిలబడి ఉంది. తీయలేకపోయింది.

ఒడ్డుకు చేరింది. వీపు లాగేస్తోంది. మళ్ళీ మూత మీద చెయ్యి వేసింది. బుర్రకు అంటిన ఎర్రమట్టిలో అవ్వ ముక్కు గుర్తు కనిపించింది. ఆ మోకాళ్ళతో అంత దూరం ఎలా వచ్చిందో అనుకుంది. మళ్ళీ తీయలేకపోయింది.

తిమింగలం వీపు మీద ఎక్కాక గంతులయ్య అడిగాడు, "ఇప్పుడైనా పారేస్తావా ఆ బరువు?"

"పోనీలేరా. తలకింద పెట్టుకుంటాను" అంది చెంగి.

తిమింగలం బయల్దేరాడు. ఎండ హాయిగా ఉంది. ముగ్గురూ తేనె నాకారు, పనసగింజలు నమిలారు, గొంతులు పోయేదాకా కబుర్లు చెప్పారు. ఇంకేం, దప్పిక మొదలైంది.

కంబళన్న వంగి సముద్రంలో ఒక గుక్క తాగాడు. "థూ! ఎవరో ఉప్పు ఒలకబోశారర్రా!" అన్నాడు. గంతులయ్య తోకవైపు పరిగెత్తి అక్కడ తాగాడు. "ఇక్కడా ఉప్పే!" అన్నాడు. చెంగి తల వైపు వెళ్ళి తాగింది. నోరు మండిపోయింది.

"మామా, ఈ నీళ్ళు తాగితే చస్తాం!" అని అరిచింది.

తిమింగలం తెల్లబోయాడు. "అయ్యో, నేను పుట్టి బుద్ధెరిగాక ఇవే నీళ్ళు! నీళ్ళలో ఇంకో రకం ఉంటుందని నాకేం తెలుసమ్మా? ఒడ్డు వెనకబడిపోయింది, దీవులు ఇంకా దూరమే" అన్నాడు.

కంబళన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు చెంగి తన తలకింద పెట్టుకున్న సొరబుర్ర తెచ్చి మధ్యలో పెట్టింది.

"తలా ఒక్క గుక్క. తాగేముందు అవ్వను తలుచుకోండి" అంది.

తిమింగలం రెండింతల వేగంతో ఈదాడు. వాళ్ళు గుక్క గుక్కా లెక్కగా తాగారు. ఆఖరి గుక్క అయిపోయేసరికి కొబ్బరిచెట్లు కనిపించాయి. ఆ నీళ్ళు అమృతం కన్నా తియ్యగా ఉన్నాయని గంతులయ్యే ఒప్పుకున్నాడు.

దీవిలో సెలయేరు ఉంది, వెచ్చటి ఇసుక ఉంది. అందులో పొర్లుతుంటే ఒళ్ళు నొప్పులన్నీ ఇట్టే పోయాయి. చెంగికి మాత్రం అస్తమానం అవ్వే గుర్తొచ్చేది.

తిరుగు ప్రయాణానికి ఖాళీ కొబ్బరిబుర్రల నిండా ఏటినీళ్ళు పట్టుకున్నారు. చెంగి సొరబుర్రలో మాత్రం నీళ్ళు పట్టనివ్వలేదు. దాన్ని దీవి ఇసుకతో నింపింది.

ఇల్లు చేరగానే చెంగి తిన్నగా అవ్వ దగ్గరికి పరిగెత్తింది. ఆ ఇసుకను నెగడు దగ్గర వేడిచేసి, ఆకుల్లో మూటగట్టి, మోకాళ్ళకు కాపడం పెట్టింది. "హమ్మయ్య" అని అవ్వ కళ్ళు మూసుకుంది.

"అవ్వా, నీ నీళ్ళే మా ముగ్గురి ప్రాణాలు నిలబెట్టాయి. నేను వాటిని పారబోద్దామనుకున్నాను" అంది చెంగి. "సముద్రం ఉప్పని నీకెలా తెలుసు?"

"ఉప్పా!" అవ్వ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "నాకేం తెలుసు తల్లీ? నేనెప్పుడైనా ఈ గుట్ట దిగానా? మీరు దూరం వెళ్తున్నారు, దప్పికేస్తుందేమో అనుకున్నాను. అంతే."

చెంగి ముళ్ళు గుచ్చుకుంటాయని కూడా చూసుకోకుండా అవ్వను కావలించుకుంది.

నీతి: ప్రేమతో ఇచ్చింది ఎంత చిన్నదైనా చులకన చేయకూడదు, ఆదుకున్న చేతిని ఎన్నడూ మరవకూడదు.