రాజుగారి మూడో పన్ను

వేములకోట రాజు కొమ్మభూపతి ఆ ఉదయం ఎడమ దవడ పట్టుకుని కొలువుకు వచ్చాడు.

"ఈ నొప్పి ఎక్కడిదో సరిగ్గా చెప్పినవాళ్ళు ఏది అడిగినా ఇస్తాను. తప్పు చెప్పినవాళ్ళ ముందు పన్ను ఊడగొట్టిస్తాను!" అన్నాడు మూలుగుతూ.

ఆస్థాన దంతవైద్యుడు వీరేశం పటకారు తీశాడు. పీకిన పళ్ళన్నీ దండ గుచ్చి మెడలో వేసుకు తిరిగే మనిషి. అందులో రెండు రాజుగారివే. అవి పోయినా నొప్పి పోలేదు.

"మూడోది పీకేస్తే సరి ప్రభూ."

రాణివాసంలో నోటిపూతలకు మందిచ్చే ఓబళమ్మకు ఒళ్ళు మండింది. బాగున్న పన్ను పీకడం ఆమె లెక్కలో దొంగతనమే.

"ఆగండి ప్రభూ, నన్నొకసారి చూడనివ్వండి."

ఆమె నాలుక ఎత్తించి కింద చూసింది. చిగుళ్ళు తడిమింది. బుగ్గ లోపలివైపు చాలాసేపు చూసింది.

"పన్ను నొప్పంటే బుగ్గ చూస్తావేమ్మా? కాలు నొప్పంటే చెప్పు చూస్తావా?" అన్నాడు వీరేశం.

"చెప్పు కరిచిందనుకుంటే చెప్పే చూస్తాను నాయనా!"

బుగ్గ లోపల తెల్లగా పొక్కి పుండయింది. రాజుగారు దవడన కిళ్ళీ పెట్టుకునే నిద్రపోతారని, అందులోని సున్నం రాత్రంతా బుగ్గను కాలుస్తుందని రాణివాసమంతటికీ తెలుసు. చెప్పడానికే అందరికీ భయం. తెలిసీ చెప్పకపోతే ఆ తప్పు తనదే అనుకుంది ఓబళమ్మ.

రాజు కళ్ళకు గంతలు కట్టింది. "నొప్పి తగలగానే చెప్పండి ప్రభూ. వీరేశంగారూ, ఆ పన్ను మీద కొట్టండి."

వీరేశం పటకారుతో టకటకా కొట్టాడు.

"ఇంకా మొదలుపెట్టరేం?" అన్నాడు రాజు.

ఓబళమ్మ వీరేశాన్ని దూరంగా జరగమని సైగ చేసింది. అతను మూతి ముడుచుకుని స్తంభం పక్కకు పోయి నిలబడ్డాడు. ఆమె ఉప్పునీళ్ళలో వేలు ముంచి బుగ్గలోని పుండుకు తాకించింది.

"అబ్బా! అదే! దొరికింది వీరేశం, పీకెయ్ ఆ పన్ను!" రాజు కేక పెట్టాడు.

గంతలు విప్పింది. పటకారు పట్టుకుని వీరేశం పది మూరల దూరంలో ఉన్నాడు.

"నువ్వక్కడున్నావేం?" రాజు తెల్లబోయాడు.

"మీ పన్ను నిక్షేపంలా ఉంది ప్రభూ. పుండయింది బుగ్గ," అంది ఓబళమ్మ.

"అయితే పీకాల్సింది ఏమీ లేదా?"

"ఒకటుంది ప్రభూ. మీ పడక పక్కనుంచి బంగారు సున్నపుకాయ!"

రాజు చెయ్యి ఎడమ బుగ్గ మీదికి పోయింది. సిగ్గుపడ్డాడు, తర్వాత పకపకా నవ్వాడు. కొలువంతా నవ్వింది.

"సరే, ఏం కావాలో కోరుకో."

"ఆ సున్నపుకాయే ఇప్పించండి. మీ దగ్గరుంటే పుండు మానదు."

రాజు అప్పటికప్పుడు తెప్పించి ఇచ్చేశాడు. తర్వాత వీరేశం వైపు తిరిగాడు. "మరి ఇతని ముందు పన్ను?"

"తొందరపడకండి ప్రభూ. పీకే ముందు నోరంతా చూడాలి కదా!" అంది ఓబళమ్మ.

వీరేశం రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.